సమాంతర కరెంటు తీగల మధ్య బలం: తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తకంలో ఇది ఒకటిన్నర పేజీ విషయం. ఒక బొమ్మ, ఒక సూత్రం, ఒక లెక్క, అయిపోయింది. ఆ ఒకటిన్నర పేజీ చదివాక వచ్చే అనుమానాలు మాత్రం అంత తేలిగ్గా అయిపోవు. ఎక్కువగా ఎదురయ్యేవి కింద ఉన్నాయి. వరసగా చదవకపోయినా పర్లేదు. రెండో ప్రశ్నని మాత్రం దాటేయకండి, మిగతావి చాలావరకు దాని మీదే నిలబడ్డాయి.

అసలు విషయం రెండు ముక్కల్లో చెప్పండి.

కరెంటు పోతున్న రెండు తీగలు పక్కపక్కన ఉంటే వాటి మధ్య బలం ఉంటుంది. రెండింట్లోనూ కరెంటు ఒకే వైపు పోతుంటే దగ్గరికి లాక్కుంటాయి. ఎదురు దిశల్లో పోతుంటే దూరంగా నెట్టుకుంటాయి.

సజాతి ధ్రువాలు నెట్టుకుంటాయి, సజాతి ఛార్జీలు నెట్టుకుంటాయి. మరి ఒకే దిశ కరెంట్లు లాక్కోవడం ఏంటి, తిరకాసుగా?

తిరకాసు కరెంట్లలో లేదు, మనం పెట్టుకున్న పోలికలో ఉంది. తిన్నటి తీగకి ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం ఉండవు. దాని అయస్కాంత క్షేత్రం తీగ చుట్టూ గాజుల్లా వలయాలుగా ఉంటుంది. కాబట్టి ధ్రువాల నియమాన్ని ఇక్కడికి మోసుకురాకూడదు.

ఒక్కసారి బొమ్మ గీసుకుంటే జన్మలో మర్చిపోరు. కాగితం మీద ఎడమ పక్క ఒక చుక్క, కుడి పక్క ఒక చుక్క పెట్టండి. ఆ చుక్కలే తీగలు. రెండింట్లోనూ కరెంటు కాగితంలోంచి మీ ముఖం మీదికి వస్తోందనుకోండి. ఇప్పుడు ఎడమ తీగని కుడి చేత్తో పట్టుకున్నట్టు ఊహించుకోండి, బొటనవేలు మీ వైపు. మిగతా వేళ్ళు అపసవ్య దిశలో చుట్టుకుంటాయి. అదే ఎడమ తీగ క్షేత్రం తిరిగే దిశ. ఆ వలయం కుడి తీగ దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద పైకి చూస్తూ ఉంటుంది.

ఇక ఎడమ చెయ్యి తీయండి. అరచెయ్యి మీ వైపు తిప్పండి. చూపుడు వేలు పైకి, అది క్షేత్రం. మధ్య వేలు మీ ముక్కు వైపు, అది కుడి తీగలో కరెంటు. బొటనవేలు ఎటు చూస్తోంది? ఎడమకి. అంటే కుడి తీగ ఎడమ తీగ వైపు లాగబడుతోంది. కుడి తీగలో కరెంటు దిశ మార్చండి, బొటనవేలు కుడికి తిరుగుతుంది. నెట్టుడు మొదలైనట్టే.

ఇంకో రకంగానూ చూడొచ్చు. ఒకే దిశ కరెంట్లయితే రెండు తీగల నడుమ ఎడమ తీగ క్షేత్రం పైకి, కుడి తీగ క్షేత్రం కిందకి ఉండి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. బయటి పక్కల మాత్రం కలిసిపోయి బలపడతాయి. తీగని ఎప్పుడూ క్షేత్రం బలంగా ఉన్న వైపు నుంచి బలహీనంగా ఉన్న వైపుకి తోస్తుంది. నాకు వేళ్ళ నియమం కంటే ఇదే నచ్చుతుంది. పరీక్ష హాల్లో వేళ్ళు మెలితిప్పుకునే బాధ తప్పుతుంది.

లెక్క ఎలా కట్టాలి?

రెండు తీగల్లోని కరెంట్లని ఆంపియర్లలో తీసుకుని గుణించండి. తీగల మధ్య దూరాన్ని మీటర్లలో తీసుకుని దాంతో భాగించండి. వచ్చినదాన్ని 2 × 10⁻⁷ తో గుణించండి. ఒక్కో మీటరు పొడవు మీద పడే బలం న్యూటన్లలో వస్తుంది. తీగ ఎన్ని మీటర్లుంటే అన్ని రెట్లు.

ఉదాహరణకి, ఏదైనా పరికరం వైరులో 5 ఆంపియర్లు పోతున్నాయి, లోపలి రెండు తీగల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. 5 × 5 = 25. దాన్ని 0.005 తో భాగిస్తే 5000. దాన్ని 2 × 10⁻⁷ తో గుణిస్తే 0.001 న్యూటన్. అంటే మీటరు పొడవు మీద పడేది దాదాపు 0.1 గ్రాము బరువంత. ఆ తీగ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిదైతే దాని సొంత బరువే మీటరుకి 13 గ్రాములు. ఇంట్లో వైర్లు కదలకపోవడానికి కారణం ఇదే. బలం లేక కాదు, చాలక.

రెండు చోట్ల జాగ్రత్త. దూరం అంటే తీగల మధ్యగీతల నడుమ దూరం, ఇన్సులేషన్ల మధ్య సందు కాదు. రెండోది, ఇక్కడ దూరం వర్గంతో భాగించరు. రెండు ఛార్జీల మధ్య బలానికి అలవాటుపడి చాలామంది దూరాన్ని వర్గం చేసేస్తారు. పొడవాటి తీగ విషయంలో దూరం రెట్టింపైతే బలం సగమవుతుంది, పావు కాదు.

ఇంకోటి, ఈ సూత్రం దూరంతో పోలిస్తే తీగలు చాలా పొడవుగా ఉన్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. పది సెంటీమీటర్ల తీగల్ని పది సెంటీమీటర్ల దూరంలో పెట్టి లెక్క కడితే అసలు కంటే ఎక్కువ వస్తుంది.

ఒక తీగలో 10 ఆంపియర్లు, ఇంకోదాంట్లో 1 ఆంపియర్. ఏది ఎక్కువ బలంతో లాగబడుతుంది?

రెండూ సమానంగానే. పెద్ద కరెంటు పెద్ద క్షేత్రాన్ని చేస్తుంది, కానీ ఆ క్షేత్రంలో ఉన్నది చిన్న కరెంటు. చిన్న కరెంటు చిన్న క్షేత్రాన్ని చేస్తుంది, అందులో ఉన్నది పెద్ద కరెంటు. ఎటు చూసినా లబ్ధం 10. తేలిక తీగ ఎక్కువ కదలొచ్చు, అది వేరే సంగతి.

దీన్ని కళ్ళారా చూడటం కుదురుతుందా?

కుదురుతుంది, మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీతోనే. వంటింటి అల్యూమినియం ఫాయిల్ నుంచి అర సెంటీమీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న పట్టీలు రెండు కత్తిరించండి. ఒక్కో పట్టీ బరువు 0.1 గ్రాము కూడా ఉండదు, కాబట్టి చిన్న బలానికే కదులుతుంది. రెండింటినీ అర సెంటీమీటరు ఎడంతో నిలువుగా, కాస్త వదులుగా బిగించండి. బిగుతుగా లాగితే ఏమీ కనిపించదు. చాలామంది చేసే పొరపాటు ఇదే.

ముందు కింది కొసలు రెండూ కలిపి, పై కొసలకి బ్యాటరీ రెండు చివరలు తాకించండి. కరెంటు ఒక పట్టీలో దిగి రెండోదాంట్లో ఎక్కుతుంది. పట్టీల నడుములు తటాలున విడిపోతాయి. వదలగానే మళ్ళీ వెనక్కి. తర్వాత పై కొసలు రెండూ కలిపి ఒక చివరకి, కింది కొసలు రెండూ కలిపి రెండో చివరకి పెట్టండి. ఈసారి దగ్గరికి వస్తాయి, ఒక్కోసారి అతుక్కుంటాయి కూడా.

మొదటిదాంట్లో కదలిక ఎక్కువగా ఎందుకుందని ఆలోచించారా? మొదటి పద్ధతిలో బ్యాటరీ కరెంటు మొత్తం రెండు పట్టీల్లోనూ పోతోంది. రెండోదాంట్లో బ్యాటరీ కరెంటుని అవి సగం సగం పంచుకుంటున్నాయి. బ్యాటరీ ఇచ్చే మొత్తం కరెంటు మారలేదనుకుంటే సగం సార్లు సగం, పావు. అందుకే ఆకర్షణ కాస్త నీరసంగా కనిపిస్తుంది. బలంలో లోపమేమీ లేదు.

ఒక్కోసారి ఒకటి రెండు సెకన్లకి మించి తాకించకండి, ఇది బ్యాటరీని షార్ట్ చేయడమే. బాగా వేడెక్కుతుంది. రీచార్జబుల్, లిథియం బ్యాటరీలతో ఈ పని వద్దు. గోడ ప్లగ్గు జోలికి అసలే వెళ్ళొద్దు.

ఇంట్లో వచ్చేది ఏసీ కదా. దిశ మారుతూ ఉంటే లాగడం, నెట్టడం రద్దయిపోవా?

రద్దు కావు. ఫేజ్ తీగలో కరెంటు దిశ మారిన క్షణంలోనే న్యూట్రల్‌లోనూ మారుతుంది. ఎప్పుడు చూసినా ఒకటి వెళ్తుంటే ఒకటి వస్తూనే ఉంటుంది. రెండు కరెంట్ల గుర్తులూ కలిసి మారితే లబ్ధం గుర్తు మారదు. కాబట్టి ఎప్పుడూ నెట్టుడే. అయితే అది ఒకే స్థాయిలో ఉండదు, సున్నా నుంచి గరిష్ఠం దాకా పెరిగి తగ్గుతుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకి 100 సార్లు.

ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మని మోగడం దీనివల్లేనా అని అడుగుతుంటారు. కొంతవరకే. ఆ మోతలో పెద్ద వాటా లోపలి ఇనుప రేకుల దొంతరది, అంటే కోర్‌ది. అయస్కాంతీకరణ మారేకొద్దీ ఆ రేకులు అతి స్వల్పంగా సాగి ముడుచుకుంటాయి. లోడు పెరిగినప్పుడు తీగ చుట్టల మధ్య బలం కూడా దానికి తోడవుతుంది.

0.1 గ్రాము బలం గురించి ఇంజినీర్లకి అంత టెన్షన్ ఎందుకు?

సూత్రంలో కరెంటు ఒక్కసారి కాదు, రెండుసార్లు ఉంది కాబట్టి. రెండు తీగల్లోనూ ఒకే కరెంటైతే, అది పది రెట్లు పెరిగినప్పుడు బలం వంద రెట్లవుతుంది. వెయ్యి రెట్లు పెరిగితే పది లక్షల రెట్లు. మామూలు రోజున ఉందో లేదో తెలియని బలం, షార్ట్ సర్క్యూట్ అయిన రోజున విశ్వరూపం చూపిస్తుంది.

సబ్‌స్టేషన్ ప్యానెల్లో 10 సెంటీమీటర్ల ఎడంతో రెండు రాగి బస్‌బార్లు (భారీ కరెంటు మోసే కడ్డీలు) ఉన్నాయి, షార్ట్ అయి 50,000 ఆంపియర్లు పోయాయి అనుకుందాం. లెక్క కట్టండి. మీటరుకి 5000 న్యూటన్లు, అంటే 500 కిలోలకి పైగా బరువు. అది కూడా మెల్లగా పెట్టిన బరువు కాదు, సుత్తితో కొట్టినట్టు పడే దెబ్బ. పైగా షార్ట్ మొదలైన తొలి అర సైకిల్‌లో కరెంటు శిఖరం ఆర్ఎంఎస్ (ఏసీకి మామూలుగా చెప్పే ఒక రకం సగటు) విలువకి రెట్టింపు దాటి పోవచ్చు, అప్పుడు ఆ క్షణంలో బలం నాలుగు రెట్లకి పైనే. బస్‌బార్లని పట్టుకునే ఇన్సులేటర్ సపోర్టులు ఎంతెంత దూరంలో ఉండాలన్నది నిర్ణయించేది చాలాసార్లు ఈ లెక్కే. సపోర్టులు చాలకపోతే బార్లు విల్లులా వంగిపోతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ లోపల పరిస్థితి ఇంకా చిత్రం. ఒకే చుట్టలో పక్కపక్క మలుపుల్లో కరెంటు ఒకే వైపు తిరుగుతుంది, కాబట్టి అవి ఒకదాన్నొకటి లాక్కుని చుట్టని పై నుంచీ కింది నుంచీ నొక్కుతాయి. లోపలి చుట్టలో, బయటి చుట్టలో కరెంట్లు మాత్రం ఎదురెదురు. అవి నెట్టుకుంటాయి. బయటి చుట్ట పగిలిపోయేలా ఉబ్బుతుంది, లోపలి చుట్ట కోర్ మీదికి నలిగిపోతుంది. బయట లైన్లో షార్ట్ అయిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మర్ ఈ కుదుపు తింటుంది. కొన్నాళ్ళకి బిగింపులు వదులైతే, తర్వాతి షార్ట్‌కి చుట్ట జారిపోయే ప్రమాదం ఉంది.

హైవోల్టేజీ లైన్లలో ఒక ఫేజ్‌కి రెండు మూడు తీగలు కలిపి వేసి, మధ్యమధ్య వాటిని ఎడంగా ఉంచే స్పేసర్లు బిగించడం చూసే ఉంటారు. ఆ తీగలన్నింట్లో కరెంటు ఒకే దిశ, కాబట్టి లాక్కుంటాయి. ఒక్కోదాంట్లో 1000 ఆంపియర్లు, ఎడం 45 సెంటీమీటర్లు అయితే మీటరుకి అర న్యూటన్ లోపే. గాలికి తీగలు కొట్టుకోకుండా చూడటమే స్పేసర్ రోజువారీ పని. అదే 20,000 ఆంపియర్ల షార్ట్ వస్తే మీటరుకి 178 న్యూటన్లు, 18 కిలోల బరువంత. అప్పుడు స్పేసర్ల మధ్య తీగలు చప్పట్లు కొట్టినట్టు కలుసుకోగలవు.

ఈ బలాన్ని పనికి పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కొన్ని రకాల సర్క్యూట్ బ్రేకర్లలో కాంటాక్టుల చేతులు రెండింటినీ సమాంతరంగా, కరెంటు ఎదురెదురుగా పోయేలా అమరుస్తారు. భారీ షార్ట్ వచ్చిందంటే, కరెంటు ఆపే ట్రిప్ యంత్రాంగం కదిలేలోపే ఆ నెట్టుడు బలమే కాంటాక్టుల్ని విడగొడుతుంది. ప్రమాదమే తన స్విచ్చిని తాను ఆపేసుకున్నట్టు. రెయిల్‌గన్‌ (రెండు పట్టాల మధ్య కరెంటు బలంతో గుండుని విసిరే తుపాకీ) కూడా ఈ కుటుంబంలోదే. దాని రెండు పట్టాల్లో కరెంట్లు ఎదురెదురు, కాబట్టి పేల్చిన ప్రతిసారీ పట్టాలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి.

ఒక్క తీగే ఉంటే? తన మీద తనకి బలం ఉంటుందా?

తిన్నటి తీగని పక్కకి తోసే బలం ఉండదు. కానీ లావుపాటి తీగని సన్నని పోగుల కట్టగా ఊహించుకోండి. అన్ని పోగుల్లోనూ కరెంటు ఒకే దిశ, కాబట్టి అన్నీ ఒకదాన్నొకటి లాక్కుని కట్టని లోపలికి నొక్కుతాయి. దీన్నే పించ్ ప్రభావం అంటారు. గట్టి రాగికి ఇదొక లెక్క కాదు. కానీ ఆస్ట్రేలియాలోని హార్ట్‌లీ వేల్ దగ్గర పిడుగు పడిన ఒక బోలు రాగి గొట్టం నలిగిపోయి దొరికింది. బయటి నుంచి ఎవరూ కొట్టలేదు. దాన్ని పరిశీలించిన పొల్లాక్, బారక్లఫ్ అనేవాళ్ళు 1905లో చెప్పిన కారణం ఇదే: గొట్టం గోడల్లో ఒకే దిశలో దూసుకుపోయిన కరెంటు తన గోడల్ని తానే లోపలికి లాక్కుంది. ప్లాస్మాని (అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువుని) కుదించడానికి ఇప్పటికీ ఇదే సూత్రాన్ని వాడుతున్నారు.

తీగని స్ప్రింగులా చుడితే?

మలుపులన్నీ లాక్కుంటాయి, స్ప్రింగు పొట్టిదవుతుంది. దీంతో పాతకాలపు ప్రదర్శన ఒకటుంది, రోజే స్పైరల్ అని. స్ప్రింగు కింది కొస పాదరసంలో మునిగి ఉంటుంది. కరెంటు పోగానే స్ప్రింగు ముడుచుకుని కొస పైకి లేస్తుంది, కరెంటు తెగుతుంది, స్ప్రింగు కిందకి జారుతుంది, మళ్ళీ మొదలు. పాదరసం ఆవిరి విషం, కాబట్టి దీన్ని మీరు చేయకండి.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

ఫ్రాన్స్‌కి చెందిన ఆంపియర్, 1820లో. ఆ జులైలో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ కరెంటు తీగ దగ్గర దిక్సూచి ముల్లు తిరుగుతుందని ప్రకటించాడు. సెప్టెంబరులో ఆ వార్త పారిస్ అకాడమీకి చేరింది. కొద్ది వారాల్లోనే ఆంపియర్ అయస్కాంతం ఊసే లేకుండా, కరెంటుకీ కరెంటుకీ మధ్యే బలం ఉందని చూపించాడు.

అప్పుడూ పెదవి విరిచినవాళ్ళున్నారు. తీగ ముల్లుని కదిలిస్తుందంటే, రెండు తీగలు ఒకదాన్నొకటి కదిలించడంలో వింతేముంది అన్నారట. దానికి ఆంపియర్ మిత్రుడు, ఫ్రెంచ్ శాస్త్రవేత్త అరాగో జేబులోంచి రెండు ఇనుప తాళంచెవులు తీసి, వీటిలో ప్రతి ఒక్కటీ ముల్లుని లాగుతుంది, మరి ఇవి రెండూ ఒకదాన్నొకటి లాక్కోవేం అని అడిగాడని చెప్పుకుంటారు. ఇంత చక్కటి జవాబు ఈ విషయంలో ఇంకోటి నేను చూడలేదు.

ఆంపియర్ నిర్వచనం ఇదే కదా?

2019 మే 20 దాకా ఇదే. శూన్యంలో 1 మీటరు ఎడంతో, అంతులేని పొడవున్న రెండు సన్నని తీగల మధ్య మీటరుకి 2 × 10⁻⁷ న్యూటన్ల బలం కలిగించే కరెంటు 1 ఆంపియర్ అని 1948లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. పాత పుస్తకాల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. ఆ బలం ఎంతో తెలుసా? మీటరుకి 20 మైక్రోగ్రాముల బరువంత. అంతులేని తీగలు ఎక్కడా దొరకవు కాబట్టి ప్రయోగశాలల్లో తీగచుట్టలతో చేసిన కరెంటు త్రాసులు వాడేవారు.

ఇప్పుడు ఎలక్ట్రాన్ ఛార్జీని 1.602176634 × 10⁻¹⁹ కూలూంబులుగా (కూలూంబు ఛార్జీకి కొలత) స్థిరపరచి, దాన్నుంచి ఆంపియర్‌ని చెబుతున్నారు. దాంతో మన 2 × 10⁻⁷ ఖచ్చితమైన అంకె హోదా పోగొట్టుకుని, కొలిచి చెప్పాల్సిన అంకె అయింది. తేడా వంద కోట్లలో ఒక వంతు కూడా లేదు. మీ లెక్కలేవీ మార్చుకోనక్కర్లేదు.

మధ్యలో ప్లాస్టిక్, చెక్క, గాజు పెడితే బలం ఆగుతుందా?

ఆగదు. ఇన్సులేషన్ కరెంటుని ఆపుతుంది, అయస్కాంత క్షేత్రాన్ని కాదు. ఇనుము పెడితే మాత్రం క్షేత్రం దారి మారుతుంది, పై సూత్రం యథాతథంగా పనికిరాదు.

తీగలు ఒకదానికొకటి లంబంగా ఉంటే?

లాగడం, నెట్టడం మొత్తం మీద సున్నా. కానీ తిప్పే ప్రభావం ఉంటుంది. తిరగనిస్తే రెండూ సమాంతరంగా, కరెంట్లు ఒకే దిశలో ఉండేలా సర్దుకోవాలని చూస్తాయి.

తీగ మొత్తం మీద ఛార్జీ సున్నా కదా. మరి ఈ బలం ఎక్కడి నుంచి ఊడిపడింది?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 1 ఆంపియర్ పోతుంటే ఎలక్ట్రాన్లు సెకనుకి 0.07 మిల్లీమీటర్ల వేగంతో జరుగుతాయి. నత్తే నయం. కానీ మీటరు తీగలో అలా జరిగే ఎలక్ట్రాన్ల ఛార్జీ మొత్తం 13,600 కూలూంబులు. ఇలాంటి రెండు తీగలు మీటరు ఎడంలో ఉంటే, ఆ ఎలక్ట్రాన్లు మాత్రమే ఉన్నాయనుకుంటే, మీటరుకి 3.3 × 10¹⁸ న్యూటన్ల బలంతో నెట్టుకోవాలి. తీగలోని ధన అయాన్లు (ఎలక్ట్రాన్లు విడిచిపోయిన రాగి పరమాణువులు) దాన్ని పూర్తిగా రద్దు చేస్తున్నాయి.

రద్దు కాకుండా మిగిలేది సాపేక్షతా సిద్ధాంతం వల్ల వచ్చే చిన్న సవరణ. ఎలక్ట్రాన్ వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చేస్తే 6 × 10⁻²⁶. ఇప్పుడు ఆ రెండు అంకెల్నీ గుణించండి: 3.3 × 10¹⁸ సార్లు 6 × 10⁻²⁶. వచ్చేది 2 × 10⁻⁷. పైన లెక్కలో వాడిన అదే అంకె!

అందుకే ఉత్త ఎలక్ట్రాన్ పుంజాలు రెండు పక్కపక్కన ఒకే దిశలో పోతే లాక్కోవు, నెట్టుకుంటాయి. అక్కడ రద్దు చేయడానికి ధన అయాన్లు లేవు. అయస్కాంత ఆకర్షణ ఉంటుంది గానీ, విద్యుత్ వికర్షణని ఎప్పటికీ మించలేదు.

అయస్కాంత బలం ఛార్జీల మీద ‘పని’ చేయదు, అంటే శక్తినివ్వదు అంటారు. మరి తీగల్ని కదిలించిన శక్తి ఎవరిది?

బ్యాటరీది. తీగలు కదులుతుంటే వాటిలో ఎదురు వోల్టేజీ పుడుతుంది, కరెంటు పడిపోకుండా ఉండాలంటే బ్యాటరీ అదనంగా కష్టపడాలి. కరెంటు స్థిరంగా ఉంటే, ఆ అదనపు శక్తిలో సగం తీగల కదలికకి పోతుంది, మిగతా సగం అయస్కాంత క్షేత్రంలో చేరుతుంది.

ఒక తీగ మీద ఇంకో తీగని గాల్లో తేల్చవచ్చా? లెక్కల్లో ఇస్తుంటారు.

కాగితం మీద తేలుతుంది. మీటరుకి 1 గ్రాము బరువున్న రాగి తీగని, ఎదురు కరెంటున్న కింది తీగకి 1 సెంటీమీటరు పైన నిలపాలంటే కరెంట్ల లబ్ధం 490 కావాలి. రెండింట్లో సమానంగా అయితే దాదాపు 22 ఆంపియర్లు. కానీ మీటరుకి 1 గ్రాము రాగి అంటే 0.4 మిల్లీమీటర్ల మందం కూడా లేని తీగ, 22 ఆంపియర్లకి ఎర్రబడి తెగిపోతుంది.

లబ్ధమే ముఖ్యం కాబట్టి మార్గం ఉంది. కిందిది లావుపాటి బార్ పెట్టి దాంట్లో 490 ఆంపియర్లు పంపండి, పై తీగకి 1 ఆంపియర్ చాలు. బార్ లావు పెరిగితే దూరాన్ని దాని మధ్యగీత నుంచి కొలవాలి, ఆ మేరకు కరెంటూ పెంచుకోవాలి. అప్పుడైనా ఇంకో చిక్కు. పై తీగని కిందకి నొక్కితే తిరిగి పైకి లేస్తుంది గానీ, వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఇంకా పక్కకే నెట్టేస్తుంది. అటూ ఇటూ జారకుండా గైడ్లు పెట్టాల్సిందే.